డీజిల్ కడిగే బండి: డబ్బులకి తగిన పనేనా?

ముందే చెప్పేస్తాను. మన ట్యాంకు దగ్గరికే బండి వచ్చి, అందులోని డీజిల్‌ని పీల్చి, నీళ్ళూ చెత్తా వడపోసి తిరిగి ట్యాంకులోకే పంపే సర్వీసు ఇది. జనరేటర్ ట్యాంకులో నెలల తరబడి డీజిల్ నిల్వ ఉండేవాళ్ళకి ఇది పనికొస్తుంది. వారం వారం పాతది అయిపోయి కొత్తది పోసుకునేవాళ్ళకి దండగ. నా వరకు అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎక్కడ కోశానో చెప్పడానికే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

మాది పర్లాకిమిడి. పేరుకి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం గానీ, బజార్లోకి వెళ్తే సగం బేరాలు తెలుగులోనే అవుతాయి. పొలిమేర దాటితే పాతపట్నం. మా మేనల్లుడికి ఇక్కడ ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. నేను రిటైరయ్యాక అక్కడి జనరేటర్, లిఫ్టు, ఆక్సిజన్ లైను, నీళ్ళ మోటార్లు అన్నీ నా నెత్తిన పడ్డాయి. జీతం లేదు, టిఫినుకీ టీకీ లోటు లేదు. అంతకు ముందు నా ఉద్యోగమంతా గ్యాస్ టర్బైన్ (గ్యాస్ గానీ నూనె గానీ మండించిన వేడి గాలితో బ్లేడ్లు తిరిగే యంత్రం) కరెంటు ప్లాంట్లలో, ఫ్యూయల్ సెక్షన్‌లో. మొదట గోదావరి పక్క, తర్వాత సౌదీలో. అందుకని బండి దిగిన సూపర్‌వైజరు "ఇది పవర్ ప్లాంట్లలో టర్బైన్లకి వాడే మాడ్యులర్ టెక్నాలజీయే సార్" అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ మాట అనకపోయి ఉంటే బిల్లు కట్టి ఊరుకునేవాణ్ణేమో.

అసలు మా దగ్గర అంత డీజిల్ ఎందుకుందంటే, తిత్లీ తుపాను పుణ్యం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, మా కొండల్ని వానతో ముంచేసింది. స్తంభాలు వరసగా పడిపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు. బంకులో డీజిల్ ఉన్నా తోడే మోటారుకి కరెంటు లేదు, జనరేటర్ ఉన్న బంకు దగ్గర తిరనాళ్ళంత జనం. అప్పుడు మా వాడు ఒట్టు పెట్టుకున్నాడు. "మావయ్యా, ఇంకోసారి డీజిల్ కోసం రోడ్డున పడలేను" అని 990 లీటర్ల ట్యాంకులు రెండు చేయించాడు. 990 ఏం లెక్క అంటారా? పెట్రోలియం నిబంధనల్లో డీజిల్ క్లాస్ బి కిందికి వస్తుంది. ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు మించకుండా, మొత్తం 2500 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అందుకే జనరేటర్ల వాళ్ళు తయారుచేసే ట్యాంకులు చాలామటుకు ఆ 990 దగ్గరే ఆగుతాయి.

తర్వాత ఏమైంది? కరెంటు మెరుగుపడింది. ఆదివారం ఆదివారం పది నిమిషాలు జనరేటర్ తిప్పి ఆపేయడం తప్ప డీజిల్ తాగే పనే లేదు. పైన పోసింది పోసినట్టే ఉంది. నిల్వ డీజిల్ చేసే పని అది చేసింది. పగలు ట్యాంకులో గాలి వేడెక్కి వెంటు లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. లోపలి గోడలకి చెమట పట్టి, ఆ నీళ్ళు అడుక్కి చేరతాయి. డీజిల్ తేలిక, నీళ్ళు బరువు. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పడతాయి. నల్లటి జిగురు, గంజి అడుగంటినట్టు. బయోడీజిల్ కలిసిన సరుకైతే నీటిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

పాత జనరేటర్ ఉన్నంత కాలం ఇవేవీ బాధించలేదు. అది ఏం పోసినా తాగేది. కిందటేడాది దాన్ని తీసేసి 125 కేవీఏ కొత్త సెట్టు పెట్టాం. 2023 జులై 1 నుంచి వచ్చిన సీపీసీబీ-4 ప్లస్ నిబంధనల (జనరేటర్ల పొగ మీద పెట్టిన హద్దులు) తర్వాతి ఇంజన్లలో కామన్ రైలే ఎక్కువ, అంటే ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్‌ని ఇంజెక్టర్లతో సిలిండర్లలోకి చిమ్మే పద్ధతి. ఇంజెక్టర్ కంతలు అంత సన్నం, ప్రెషర్ అంత ఎక్కువ. మా సెట్టు లోడు మీదికి వెళ్ళగానే ఆర్పీఎం ఊగడం, ఫిల్టర్ మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ మూసుకుపోవడం మొదలైంది. ఆపరేషన్ థియేటర్లో లైటు ఊగితే డాక్టర్లకి ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. మెకానిక్ మూడు ముక్కల్లో తేల్చాడు: ఇంజన్‌కి ఏం రోగం లేదు, రోగం ట్యాంకులో ఉంది.

అలా బరంపురం వైపు నుంచి ఈ బండిని పిలిపించాం. ఇలాంటివి ఈ చుట్టుపక్కల ఒకటి రెండు తిరుగుతున్నాయి, లోపలి యంత్రం ఇంచుమించు ఒకటే. అందుకని కంపెనీ పేరు రాయడం లేదు. యంత్రం గురించీ, పనితీరు గురించీ రాస్తాను.

చిన్న ట్రక్కు వెనక ఒక ఇనప చట్రం. దాని మీద మోటారు, పంపు, వరసగా మూడు ఫిల్టర్ పాత్రలు, ఒక ప్యానెల్. ట్యాంకు అడుగు నుంచి డీజిల్ పీలుస్తుంది. మొదటిది ముతక జల్లెడ, తుప్పు పెచ్చులు అక్కడ ఆగుతాయి. రెండోది కోయలెసర్, అంటే కంటికి కనపడని నీటి బొట్లని ఒకదాంతో ఒకటి అతికించి పెద్దవి చేసి కిందికి జార్చే ఫిల్టరు. దాని కింద గాజు గిన్నె, డ్రెయిన్ వాల్వు. మూడోది 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్న ఫిల్టరు. అది దాటి డీజిల్ రెండో గొట్టం ద్వారా ట్యాంకు రెండో చివరికి తిరిగి వస్తుంది. చట్రం పనితనం బాగుంది. వెల్డింగులు నీటుగా ఉన్నాయి, గేజీలు పని చేస్తున్నాయి, ఒక్క చోట కూడా కారడం లేదు. ఆ మాత్రం శుభ్రత పెద్ద ప్లాంట్లలోనే నేను చూడని రోజులున్నాయి.

ఇక ఆ "టర్బైన్ టెక్నాలజీ" సంగతి. మాడ్యులర్ అనే మాట నిజమే. పెద్ద ప్లాంట్లలోనూ అంతే. పంపులు, హీటర్లు, సెపరేటర్లు, కంట్రోల్ ప్యానెల్ అన్నీ ఫ్యాక్టరీలోనే చట్రం మీద బిగించి, అక్కడే పరీక్ష చేసి, ట్రైలర్ మీద తెచ్చి పునాది మీద దించుతారు. సైటులో ఫ్లాంజులు కలిపి కేబుళ్ళు లాగితే చాలు. నేను పని చేసిన ఎడారిలో మంచి వెల్డరు దొరకడమే గగనం, అక్కడ ఈ పద్ధతి లేకపోతే పని జరిగేది కాదు. ఇంకో టర్బైన్ పెడితే పక్కన ఇంకో మాడ్యూల్ దించడమే. ఒకదాన్ని కడగడానికి విప్పినా మిగతావి నడుస్తుంటాయి. దీనికి ఒక శాపం కూడా ఉంది. ట్రైలర్‌లో పట్టాలని అన్నీ ఇరికించి బిగిస్తారు, ఒక వాల్వు ముట్టుకోవాలంటే ఇంకో పైపు విప్పాలి. ఈ బండిలోనూ అదే వరస. కోయలెసర్ కింద డ్రెయిన్ వాల్వు గొట్టం చుట్టే రీలు వెనక ఉంది. పక్కవాటంగా పడుకుని చెయ్యి దూర్చితే గాని అందదు. రోజుకి ముప్పై సార్లు తిప్పాల్సిన వాల్వుని అక్కడ పెట్టినవాడు తన చేత్తో దాన్ని ఎప్పుడూ తిప్పి ఉండడు.

మాడ్యులర్ అన్నంత మాత్రాన టర్బైన్‌కి చేసే శుద్ధి అంతా ఇందులో ఉందనుకుంటే పొరపాటు. టర్బైన్‌కి నీళ్ళూ మట్టీ తీసేయడం మొదటి మెట్టు మాత్రమే. అసలు భయం ఉప్పు. నూనెలోని సోడియం, పొటాషియం మంటలో గంధకంతో కలిసి సల్ఫేట్లయి, ఎర్రగా కాలే బ్లేడ్ల మీద కరిగి కూర్చుంటాయి. లోహం మీదున్న రక్షణ పొరని తినేస్తాయి. అందుకే టర్బైన్ తయారీదార్లు సాధారణంగా ఆ రెండూ కలిపి ఒక పీపీఎం లోపే ఉండాలంటారు. అంటే టన్ను నూనెకి ఒక గ్రాము. సముద్రపు నీళ్ళలో కిలోకి పది గ్రాముల పైచిలుకు సోడియం ఉంటుంది. లెక్క వేసుకోండి: టన్ను నూనెలో వంద మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు సముద్రపు నీళ్ళు కలిస్తే చాలు, హద్దు దాటేసినట్టే. ఓడల్లో వచ్చే సరుకుకి ఆ టీ గ్లాసు ఒక లెక్కా?

సౌదీలో మేము కాల్చింది క్రూడే, అంటే శుద్ధి చేయని ముడి నూనె. దానిలో ఉప్పు తీయడానికి చేసే పని వింటే ఎవరికైనా వింతగా ఉంటుంది. నూనెలోకి కావాలనే మంచినీళ్ళు కలుపుతాం. నూనెని వేడి చేసి, నూటికి ఐదు నుంచి పది వంతుల నీళ్ళు పోసి, ఎమల్షన్ని (నూనే నీళ్ళూ విడిపోకుండా కలిసిపోయిన మిశ్రమాన్ని) విరగ్గొట్టే మందు కాస్త వేసి, బాగా కలిపితే ఉప్పు నీళ్ళలోకి దిగుతుంది. అప్పుడు ఆ నీళ్ళని సెంట్రిఫ్యూజ్‌తోనో (గిర్రున తిప్పి విడదీసే యంత్రం), హై వోల్టేజ్ పెట్టిన ఎలక్ట్రోస్టాటిక్ పాత్రలోనో విడదీస్తాం. ఒకసారి కడిగితే చాలదు, రెండు మూడు దశలు పడుతుంది. కడిగిన మురికినీళ్ళని ఏం చెయ్యాలన్నది ఇంకో కథ. కొనేటప్పుడు అందరూ మరిచిపోయేది ఆ మురికినీళ్ళ మాడ్యూలే.

వనేడియం అనే లోహం ఇంకా మొండిది. అది నూనెలోనే కరిగి ఉంటుంది, ఎన్ని నీళ్ళతో కడిగినా రాదు. మంటలో వనేడియం పెంటాక్సైడ్ అవుతుంది, అది దాదాపు 680 డిగ్రీల దగ్గరే కరిగి బ్లేడ్లకి అంటుకుంటుంది. తీయలేం కాబట్టి దాని పళ్ళు పీకుతాం. బరువులో వనేడియానికి మూడింతలు మెగ్నీషియం కలిపితే, వచ్చే బూడిద వెయ్యి డిగ్రీలు దాటినా కరగని రకం అవుతుంది. కరగదు గానీ పేరుకుంటుంది. మెగావాట్లు మెల్లగా పడిపోతుంటాయి. అప్పుడు యంత్రం ఆపి, చల్లార్చి, నీళ్ళతో కడగడం. రోజూ ల్యాబులో శాంపిల్ కాల్చి చూస్తే గాని ఎంత మందు వెయ్యాలో తెలియదు.

ఇదంతా ఆ సూపర్‌వైజరుకి చెప్పాను. పాపం కుర్రాడు, ఒడియా అబ్బాయి, తెలుగు చక్కగా మాట్లాడుతున్నాడు. "హఁ ఆజ్ఞా, మాది అంత లేదు, నీళ్ళూ చెత్తా తీస్తుంది" అని ఒప్పుకున్నాడు. నిజానికి బంకు డీజిల్‌కి ఆ మిగతా మెట్లు అక్కర్లేదు. మన బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌లో వనేడియం గొడవ లేదు, ఇంజన్‌కి టర్బైన్ బ్లేడ్ల భయమూ లేదు. పని సరిపోతుంది, ప్రచారమే ఎక్కువైంది. కరపత్రంలో ఆ "టర్బైన్ గ్రేడ్" అన్న మాట కొట్టేస్తే పావు స్టారు వెనక్కి ఇచ్చేస్తాను.

నీళ్ళంటే నాకెందుకంత పట్టింపు అని మా వాడు విసుక్కుంటాడు. గ్యాస్ వైపు పనిచేసిన వాళ్ళకి ఆ పట్టింపు పోదు. గ్యాస్ అనగానే శుభ్రమైనది, తిప్పితే మండేది అనుకుంటారు జనం. బావి నుంచి వచ్చే గ్యాస్‌తో నీళ్ళు వస్తాయి, పెట్రోలు లాంటి కండెన్సేట్ వస్తుంది. టర్బైన్ ముందు నాకౌట్ డ్రమ్ము (గ్యాస్‌లోని ద్రవం కిందికి దిగిపోయే పాత్ర), తర్వాత ఫిల్టర్ సెపరేటరు, ఆ పైన హీటరు పెట్టేది అందుకే. గ్యాస్‌ని డ్యూ పాయింటు (గ్యాస్‌లోంచి ద్రవం బొట్లుగా దిగడం మొదలయ్యే వేడి) కంటే దాదాపు 28 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంచాలని మాకు నూరిపోసేవారు. ఒక్క గుక్కెడు ద్రవం నాజిల్ దాకా వెళ్ళినా అక్కడ మంట రూపే మారిపోతుంది. 2014 జూన్ 27న కోనసీమలో నగరం ఊరి దగ్గర గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పైపు కొండపల్లి కరెంటు ప్లాంటుకి గ్యాస్ తీసుకెళ్ళేదే. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్ళూ కండెన్సేటూ ఉన్న తడి గ్యాస్ పోయిందనీ, పైపు లోపలి నుంచి తినేసిందనీ విచారణలో తేలింది. మా ఫ్యూయల్ సెక్షన్ వాళ్ళలో చాలామందికి ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ అన్నం సయించదు.

సరే, మన బండి దగ్గరికి వద్దాం. అసలు పరీక్ష యంత్రానిది కాదు, పీల్చే గొట్టానిది. ఎంత గొప్ప ఫిల్టరు పెట్టినా, గొట్టం కొస అడుగు మూలకి చేరకపోతే పైనున్న మంచి డీజిల్‌నే మళ్ళీ మళ్ళీ వడపోస్తూ ఉంటారు. మురికి కింద నిక్షేపంగా కూర్చుంటుంది. మా మొదటి ట్యాంకు అలాంటిదే. డ్రెయిన్ ప్లగ్గు తూర్పు చివర ఉంది. దిమ్మె కాలక్రమంలో కుంగి, పల్లం పడమర మూలకి మారింది. అంటే డ్రెయిన్ విప్పితే డీజిల్ వస్తుంది గానీ నీళ్ళు రావు. నేను లెవెల్ గొట్టం పెట్టి చూపించేదాకా వాళ్ళకి తట్టలేదు. వాళ్ళ దగ్గరున్నది నిటారు పైపు ఒక్కటే. పై మూత లోంచి దించితే అది సూటిగా మధ్యలోకి దిగుతుంది, మూలకి మూరెడు దూరంలో ఆగిపోతుంది.

బస్టాండు దగ్గర వెల్డింగ్ షాపుకి మనిషిని పంపి, అర అంగుళం ఎంఎస్ (మామూలు ఇనప) పైపుని కొస దగ్గర వంచి తెప్పించాం. జీఐ పైపు (జింకు పూత ఉన్నది) ఇస్తానన్నాడు షాపు వాడు, వద్దన్నాను. జింకుకీ డీజిల్‌కీ పడదు, రాగి కూడా అంతే. పక్కనున్న క్లీనింగ్ మూత బోల్టులు తుప్పు పట్టి కదలనన్నాయి. కుర్రాడు ఓపిగ్గా నూనె చుక్కలు వేస్తూ, సుత్తితో తడుతూ ఒక్కొక్కటీ విప్పాడు. ఆ ఓపికకి మార్కులు వెయ్యాల్సిందే. వంచిన పైపు మూలకి తగలగానే కోయలెసర్ కింద గాజు గిన్నెలో మొదట ముత్యాల్లాంటి బొట్లు, కాసేపటికి ఒక గీత, తర్వాత సగం గిన్నె నీళ్ళు. వాటితో పాటు నల్లటి తోలు తుంపుల్లాంటి జిగురు. ఆ ఒక్క మూల నుంచే అయిదారు లీటర్ల నీళ్ళు తీశాం. మా వాడు వచ్చి బకెట్లోకి తొంగి చూసి, "మావయ్యా, ఇదా మనం ఇంజన్‌కి తాగించింది?" అన్నాడు.

తర్వాత ఎన్ని చుట్లు తిప్పాలన్న తగువు. పంపు నిమిషానికి నలభై లీటర్లు లాగుతుంది, 990 లీటర్లకి పాతిక నిమిషాలు. "ఒక చుట్టు అయిపోయింది, మొత్తం ఫిల్టర్ అయిపోయినట్టే" అన్నాడు సూపర్‌వైజరు. అవదు. శుభ్రమైన డీజిల్ వెళ్ళి మురికి డీజిల్‌లోనే కలుస్తుంది కదా. ట్యాంకులో అంతా బాగా కలిసిపోతుందనుకుంటే, ఒక చుట్టు తర్వాత నూటికి 37 వంతుల మురికి మిగిలే ఉంటుంది. రెండో చుట్టుకి 13 పైచిలుకు, మూడో చుట్టుకి 5, అయిదో చుట్టుకి ఒకటికి లోపు. అదీ ఫిల్టరు పట్టుకోగలిగిన మురికి విషయంలో. కాగితం మీద వేసి చూపిస్తే అయిదు చుట్లకి ఒప్పుకున్నాడు. మీ దగ్గర ఎన్ని తిప్పుతారో ముందే అడగండి. మాట్లాడుకోకపోతే రెండింటితో సరిపెట్టేస్తారు.

యంత్రం డిజైన్‌లో నాకు నచ్చని సంగతి ఇంకొకటుంది. పంపు కోయలెసర్‌కి ముందుంది, అదీ వేగంగా తిరిగే రకం. అది నీటి బొట్లని చితక్కొట్టి ఇంకా సన్నం చేసి పంపిస్తుంది. ఆ వెనకే ఉన్న కోయలెసర్ వాటిని మళ్ళీ అతికించుకుంటూ కూర్చోవాలి. పెద్ద ప్లాంట్లలో దీని గురించి తెగ గొడవ పడేవాళ్ళం. మెల్లగా తిరిగే స్క్రూ పంపో గేరు పంపో పెట్టి ఉంటే మూడు చుట్ల పని రెండింటిలో అయ్యేదని నా అంచనా. ఖర్చు తగ్గించుకోవడానికి అలా పెట్టినట్టున్నారు.

ఎర్తింగ్ దగ్గర మాత్రం గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. సన్న ఫిల్టర్ల గుండా డీజిల్ పోతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది. గంధకం 10 పీపీఎంకి తగ్గిన ఈ డీజిల్‌లో ఆ చార్జి అంత త్వరగా పోదు కూడా. వాళ్ళు క్లిప్పు పెట్టారు, కాదనను, పెట్టింది పెయింటు మీద. పెయింటు గీకించి, ఇనుము మెరిసేలా చేసి, ట్యాంకుకీ బండికీ తీగ కలిపాకే మోటారు వేయనిచ్చాను. పక్కన ఆక్సిజన్ సిలిండర్లున్న చోట ఇది వేళాకోళం కాదు. మీ దగ్గరికి వస్తే మొదట ఆ క్లిప్పు చూడండి, మిగతావన్నీ తర్వాత.

మధ్యలో అదనపు సరుకులు అమ్మడానికి చూశారు. ఒకటి అయస్కాంతం పెట్టిన పాత్ర. డీజిల్ "అణువుల్ని విడగొట్టి కొత్తదానిలా చేస్తుంది" అన్నారు. తుప్పు పొడి పట్టుకుంటుందంటే నమ్ముతాను, అంతకు మించి ఒక్క ముక్క నమ్మను. ముదిరి రంగు మారి జిగురు కట్టిన డీజిల్‌ని ఏ ఫిల్టరూ లేతగా చెయ్యలేదు. రెండోది సూక్ష్మజీవుల మందు. అది పనికొచ్చేదే, మా జిగురు చూశాక నేనే వెయ్యమన్నాను. ఒకటే షరతు పెట్టాను. మందు వేసిన కొన్నాళ్ళకి చచ్చిన పొర పెచ్చులుగా లేచి ఫిల్టర్లలో పడుతుంది కాబట్టి, మళ్ళీ ఒకసారి వచ్చి ఉచితంగా తిప్పి వెళ్ళాలి అని. కాస్త గొణిగి ఒప్పుకున్నారు. చెప్పినట్టే వచ్చారు కూడా.

చివర్లో రిపోర్టు ఇస్తారు. ఐఎస్ఓ 4406 అని మూడు అంకెలుంటాయి. ఒక మిల్లీలీటర్‌లో 4, 6, 14 మైక్రాన్లు అంతకు మించిన రేణువులు ఎన్నున్నాయో చెప్పే సంకేతాలవి. ఒక్క అంకె పెరిగితే రేణువులు రెట్టింపైనట్టు. మాకు మొదట 22/20/16 చూపించింది, పని అయ్యాక 18/16/13 అని ప్రింటు తీసి ఇచ్చాడు. 22 అంటే మిల్లీలీటర్‌కి ఇరవై వేలకి పైనే, 18 అంటే రెండున్నర వేలకి లోపే. వినడానికి అద్భుతం. కానీ శాంపిల్ ఎక్కడ పట్టాడని చూస్తే, తిరిగి వచ్చే గొట్టం దగ్గర, అంటే సన్న ఫిల్టరు దాటిన వెంటనే. అక్కడ శుభ్రంగా ఉండక ఏమవుతుంది! మోటారు ఆపి, గంటసేపు కదపకుండా ఉంచి, ట్యాంకు అడుగు నుంచి పట్టించాను. 20/18/15 వచ్చింది. అది నిజమైన లెక్క. దానికీ నేను సంతోషించాను, ఎందుకంటే ఇంజన్ మీద ఇంకో రెండు ఫిల్టర్లు ఉంటాయి. రిపోర్టులో మాత్రం రెండు అంకెలూ రాయించాను. సూపర్‌వైజరు మొహం కాస్త మాడింది.

కరిగి ఉన్న నీళ్ళ గురించి వాళ్ళు ఏమీ చెప్పరు, మీరూ ఎదురు చూడకండి. బొట్లుగా ఉన్నదాన్నే కోయలెసర్ తీస్తుంది. డీజిల్‌లో కలిసిపోయిన కాస్త తేమ అలాగే ఉంటుంది. డిసెంబరులో మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి తోలిన రాత్రుల్లో ఆ తేమలో కొంత మళ్ళీ బొట్లుగా దిగుతుంది. దాన్ని కూడా తీయాలంటే వాక్యూమ్ పెట్టి లాగే యంత్రం కావాలి, నర్సింగ్ హోమ్‌కి అంత అవసరం లేదు. కుర్రాడితో పొద్దున్నే డ్రెయిన్ విప్పిస్తున్నాను, సరిపోతోంది.

రెండో ట్యాంకు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అది రేకుల షెడ్డు కింద ఉంది, వాలు సరిగ్గా ఉంది, గ్లాసుడు నీళ్ళు కూడా రాలేదు. రెండింటికీ ఒకటే రేటు తీసుకున్నారన్నదే నా బాధ.

రేటు అంటే, రెండు ట్యాంకులకి కలిపి పద్దెనిమిది వేలు, దాని మీద జీఎస్టీ 18 శాతం. ఫిల్టర్లు విడిగా. బేరం ఆడితే రెండు వేలు తగ్గారు. పాత డీజిల్ అంతా పారబోసి కొత్తది పోయాలంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే, ఇంజెక్టర్లు పోతే అయ్యే ఖర్చు ముందు అసలు లెక్కలోకే రాదు. ఫిల్టర్ల దగ్గర జాగ్రత్త. మా కళ్ళ ముందు అట్టపెట్టె చించి కొత్తవి వేశారు గనక డబ్బులిచ్చాం. పక్క వీధి ఐసు ఫ్యాక్టరీ వాళ్ళకి వేరే బండి వాళ్ళు కడిగి ఆరబెట్టిన ఫిల్టర్లు వేసి కొత్తవాటి బిల్లు ఇచ్చారని విన్నాను. ప్రెషర్ గేజీ చూస్తే తెలిసిపోతుంది. కొత్త ఫిల్టరు ముందూ వెనకా ప్రెషర్లో పెద్ద తేడా ఉండదు, వాడిందైతే మొదటి నిమిషంలోనే తేడా చూపిస్తుంది.

పని అయ్యాక జనరేటర్ మీద నిండా లోడు వేసి చూశాం. ఎక్స్‌రే, లిఫ్టు, ఏసీలు అన్నీ ఒకేసారి. ఆర్పీఎం సూది కదల్లేదు. అప్పటి నుంచి ఫిల్టర్ మధ్యలో మార్చాల్సిన పని పడలేదు. రైసు మిల్లుల వాళ్ళు, పెళ్ళి మండపాల వాళ్ళు నన్ను అడుగుతున్నారు. సీజన్లో రోజూ జనరేటర్ తిప్పే మండపం వాళ్ళకి వద్దన్నాను, వాళ్ళ డీజిల్‌కి ముసలితనం వచ్చే టైమే ఉండదు. తుపాను భయంతో డ్రమ్ములు నింపి కూర్చున్నవాళ్ళకి మాత్రం అక్టోబరు రాకముందే ఒకసారి చేయించుకోమన్నాను.

మొన్న ఆఫీసు నుంచి ఫోన్ చేశారు, "సార్, అయిదు స్టార్లు ఇవ్వండి, వచ్చే ఏడాది పది శాతం తగ్గిస్తాం" అని. తగ్గింపు వద్దన్నాను. డ్రెయిన్ వాల్వుని రీలు వెనక నుంచి ముందుకి మార్చి, వంచిన సక్షన్ పైపు ఒకటి బండిలోనే పెట్టుకుని వస్తే నాలుగుకి పెంచుతానని చెప్పాను. మా పైపు కావాలంటే కొలతలు పంపిస్తానన్నాను. "ఫోటో పెట్టండి సార్" అన్నారు. పెట్టాను.